ఒంటి మీద చారలకు సిగ్గుపడే ముందు, రాసుకునే ట్యూబు మీద ఏముందో చదవండి

పోస్ట్ కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఇక్కడ ఎప్పుడూ స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, జీవో 3 గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మేము ఒంటి మీద వచ్చే చారల గురించి రాస్తున్నాం. స్ట్రెచ్ మార్క్స్ అంటారే, అవి. నవ్వొస్తే నవ్వుకోండి, కానీ చదవండి.

మేము గుడ్లవల్లేరులో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాం. రూమ్‌లో నలుగురం అమ్మాయిలం. ఒకరిది అరకు వైపు, ఒకరిది చింతూరు వైపు, ఒకరిది ఎ.కొండూరు తండా, ఒకరు దివిసీమ యానాదుల పిల్ల. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

పోయిన ఏడాది ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి థింసా వేద్దామనుకున్నాం. అరకు పిల్లే మాకు అడుగులు నేర్పింది. తీరా ఆ రోజు జ్వరమని పడుకుంది. జ్వరం లేదు, ఏమీ లేదు. థింసాకి చీర భుజం మీద ముడి వేసి కడతారు, చేతులు కనబడతాయి. హాస్టల్‌కి వచ్చాక ఒళ్లు చేసి తన జబ్బల మీద చారలు వచ్చాయి. అవి ఎవరికైనా కనబడతాయేమోనని తన ఊరి ఆట తనే మానేసింది. ఈ సంగతి మాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. అప్పటిదాకా ఇంటి నుంచి వచ్చే డబ్బులో 450 రూపాయలు పెట్టి ఏదో నూనె కొని, రాత్రి లైటు ఆపాక రాసుకునేది.

అది తెలిసిన రాత్రి మిగతా ముగ్గురం కూడా నోరు విప్పాం. ఒకరికి నడుము మీద, ఒకరికి తొడల మీద, ఒకరికి మోకాళ్ల వెనక. నలుగురికీ ఉన్నాయి! ఒకే రూమ్‌లో ఉండి, ఒకే బకెట్ వాడుకుంటూ, ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

అసలు ఈ చారలేంటి? చర్మం పై పొర కింద ఇంకో పొర ఉంటుంది. దానికి బలం, సాగే గుణం ఇచ్చేవి కొలాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు. ఒళ్లు చర్మం కంటే తొందరగా పెరిగితే ఆ పోగులు తెగుతాయి. ఎదిగే వయసులో, ఒక్కసారిగా లావైనప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు వస్తాయి. ఇంట్లో అమ్మకి ఉంటే మనకీ వచ్చే అవకాశం ఎక్కువ. తమ్ముళ్లూ, మీకూ వస్తాయి. టెన్త్, ఇంటర్‌లో ఒక్కసారిగా పొడుగైనవాళ్లు నడుము పైన వీపు చూసుకోండి, అడ్డంగా గీతలు ఉంటాయి. జిమ్‌కి వెళ్లేవాళ్లకి భుజాల దగ్గర వస్తాయి. ఇది రోగం కాదు, అంటుకోదు. మొదట్లో ఎర్రగానో, ఊదాగానో, ముదురు గోధుమ రంగులోనో ఉండి, నెలలు గడిచేకొద్దీ పలచబడి తెల్లగా అవుతాయి.

మందుల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్తాం. కొబ్బరి నూనె, ఆలివ్ నూనె, కోకో బటర్ రాస్తే చర్మం మెత్తగా ఉంటుంది, దురద తగ్గుతుంది. చారలు పోవు. ట్రెటినాయిన్ అనే క్రీము కొత్త చారల మీద కొంత పనిచేయొచ్చు, కానీ డాక్టర్ చెబితేనే వాడాలి, కడుపుతో ఉన్నవాళ్లు అసలు వాడకూడదు. లేజర్, సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్ ఉన్నాయి. చాలాసార్లు వెళ్లాలి, ఖర్చు ఎక్కువ. అంతా చేసినా పలచబడతాయే తప్ప పూర్తిగా పోవు. చేయించుకునే స్తోమత ఉన్నవాళ్లు చేయించుకోండి, తప్పేం లేదు. మెస్ బిల్లు కట్టడానికే వెతుక్కునే మనం మాత్రం 'నెల రోజుల్లో మాయం' అన్న ప్రకటన చూసి డబ్బు పోసుకోవద్దు.

ఇక అసలు విషయం. మా నలుగురిలో తొడల మీద చారలున్న పిల్లది వేరే కథ. అవి పెరిగినందుకు వచ్చినవి కావు. ఈ డెల్టాలో చెమట ఆరదు. వానాకాలం బట్టలు రెండు రోజులకి కూడా ఎండవు, తడి ఆరకుండానే వేసుకుని క్లాసుకి పరిగెత్తుతాం. తనకి గజ్జల్లో తామర వచ్చింది. డాక్టర్‌కి చూపించాలంటే సిగ్గు. మందుల షాపులో 'దురదకి ఏదైనా ఇవ్వండి' అంటే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. రాసిన రెండో రోజుకే దురద పోయింది. ఆపితే మళ్లీ వచ్చింది. మళ్లీ రాసింది. ఇలా ఐదు నెలలు. చివరికి తామర పోలేదు, ఇంకా పాకింది. చర్మం పలచబడి వెడల్పాటి ఎర్రటి చారలు పడ్డాయి.

ఆ ట్యూబులో ఉన్నది క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్. అది దురదని, ఎరుపుని అణిచేస్తుంది, లోపలున్న ఫంగస్‌ని చంపదు. పైగా గజ్జలు, చంకల్లాంటి మడతల్లో చర్మం పలచన, మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. అందుకే అక్కడ చారలు తొందరగా వస్తాయి. రంగు కొంత తగ్గుతుందేమో గానీ ఆ గీతలు ఉండిపోతాయి. మొహం తెల్లబడాలని రాసే కొన్ని క్రీముల్లోనూ ఇలాంటి స్టెరాయిడ్లు కలుపుతారు. చర్మ వ్యాధుల డాక్టర్లు దేశమంతా దీని మీద ఏళ్ల తరబడి గొడవ చేశాక, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములకి అప్పటిదాకా ఉన్న మినహాయింపు తీసేసి, చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. చట్టం ఉంది. మా పిల్లని మాత్రం చీటీ ఎవరూ అడగలేదు.

స్టెరాయిడ్ క్రీము విషం అని మేము అనడం లేదు. సరైన జబ్బుకి, సరైన చోట, డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందే. మనం వాడేది అలా కాదు. ఒక ట్యూబు కొని రూమ్ అంతా పంచుకుంటాం. 'నాకు తగ్గింది, నువ్వూ రాయి' అంటాం. చెడు చేసేది ఆ ప్రేమే.

మా మాట ఇదీ. పెరిగినందుకు వచ్చిన చారలకి సిగ్గుపడక్కర్లేదు. సిగ్గుపడి దాచినందుకు వచ్చే చారలు మాత్రం ఇంకెవరికీ రాకూడదు. మొదటివాటిని ఒప్పుకుందాం, రెండోవాటిని ఆపుదాం.

ఒప్పుకోవడం అంత తేలిక కాదని మాకూ తెలుసు. ఫోన్‌లో చూసే ఒళ్లన్నీ నున్నగా ఉంటాయి, ఫిల్టర్ అని తెలిసినా మనసు ఊరుకోదు. సెలవులకి వెళ్లినప్పుడు మాలో ఒకరు అమ్మ కడుపు మీద చారలు చూపించి, 'వీటికేమన్నా రాశావా అమ్మా?' అని అడిగింది. 'వాటికి రాసేదేంటే? నువ్వు లోపల ఉన్నప్పుడు వచ్చినయ్యి' అని నాట్లకి వెళ్లిపోయింది. మన అమ్మమ్మలు చేతుల నిండా పచ్చబొట్లు పొడిపించుకున్నారు, సూది నొప్పి ఓర్చుకుని మరీ. ఒంటి మీద గీత ఉంటే తక్కువ అని మనకి మన ఊరు నేర్పలేదు. ఇది మనం ఇక్కడికొచ్చాక నేర్చుకున్నదే.

చివరగా నాలుగు పనులు. ఒకటి, ఈ రాత్రే మీ రూమ్‌లో ఉన్న ట్యూబులు తీసి చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ అని ఉంటే డాక్టర్ చెప్పకుండా వాడొద్దు. ఎప్పటినుంచో వాడుతుంటే భయపడి దాచకుండా వెళ్లి చూపించండి. రెండు, తువ్వాలు, లోబట్టలు పంచుకోవద్దు. ఆరిన బట్టే వేసుకోండి. తామరకి డాక్టర్ ఇచ్చిన మందు దురద తగ్గగానే ఆపొద్దు, చెప్పినన్ని వారాలు వాడండి. మూడు, స్టెరాయిడ్ ఏదీ వాడకుండానే వెడల్పాటి ఊదా రంగు చారలు వచ్చి, మొహం ఉబ్బి, నీరసంగా ఉంటే అది హార్మోన్ల జబ్బు కావచ్చు, ఆలస్యం చేయొద్దు. బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది కదా, అక్కడి పెద్దాసుపత్రికి వెళ్లండి. గుడ్లవల్లేరు నుంచి రైలుందిగా. మేము నలుగురం కలిసే వెళ్లాం. ఒక్కరే వెళ్తే సిగ్గు, నలుగురు వెళ్తే ప్రయాణం. నాలుగు, హాస్టళ్లలో హెల్త్ చెకప్ అంటే బరువు, రక్తం చూసి పంపేస్తున్నారు. టర్మ్‌కి ఒకసారి చర్మ డాక్టర్ని, అమ్మాయిలకి లేడీ డాక్టర్ని పిలిపించమని మా వార్డెన్ మేడమ్‌కి అర్జీ రాస్తున్నాం. మీ హాస్టల్‌లో మీరూ రాయండి.

ఈ ఆగస్టు 9కి మళ్లీ థింసా అనుకుంటున్నాం. అరకు పిల్ల ఇంకా ఒప్పుకోలేదు. బలవంతం చేయడం లేదు. అడుగులు మాత్రం రోజూ సాయంత్రం నేర్పుతోంది.

జై ఆదివాసీ.