ఏటిగట్టు మీద ఆడదానికేం పని?

'తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు' అనే సామెతను ఇప్పుడు నలుగురిలో అనడానికి అందరూ వెనకాడతారు. దాని బదులు జాగ్రత్తలు చెబుతారు. "తెల్లారకుండా ఒక్కదానివే గట్టు మీదకెందుకమ్మా?", "రోజులు బాగాలేవు", "నడవాలనుంటే డాబా మీద నడవచ్చుగా!" మాట మెత్తబడిందే గాని అర్థం మారలేదు. కొవ్వూరులో గోదావరి గట్టు మీద బూట్లు వేసుకుని పరుగెత్తాలనుకునే ఆడపిల్ల ముందు ఈ మాటల్ని దాటాలి, తర్వాతే గడప దాటాలి.

వరకట్న చావులు, అత్యాచారాలు, కూలి రేట్లు ఇన్ని ఉండగా పరుగు గురించి హక్కుల పత్రికలో రాయాలా అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. రాయాలనే మేమంటున్నాం. ఎందుకంటే పరుగు దగ్గరే అసలు ప్రశ్న బయటపడుతుంది. పనిమీద బయటికి వెళ్లే ఆడదాన్ని ఈ సమాజం సహిస్తుంది. ఏ పనీ లేకుండా, తన ఒంటికోసం, తన సంతోషం కోసం బయటికి వచ్చిన ఆడదాన్ని సహించదు.

గట్టు ఆడవాళ్లకు కొత్త కాదు. మరుగుదొడ్లు లేని రోజుల్లో డెల్టా గ్రామాల్లో ఆడవాళ్లు చెంబు పట్టుకుని చీకటితోనే ఏటిగట్టుకీ కాలవగట్టుకీ వెళ్లారు. అప్పుడు చీకటి ప్రమాదమని ఎవరూ ఆపలేదు. పైగా వెలుతురొస్తే పరువు పోతుందని చీకట్లోనే వెళ్లమన్నారు. గేదెకు గడ్డి కోయడానికి గట్టెక్కారు. బట్టలు ఉతకడానికి రేవుకు దిగారు. కార్తీక మాసం వస్తే తెల్లవారుజామున గోష్పాద క్షేత్రంలో చన్నీళ్ల స్నానం చేసి, అరటి డొప్పల్లో దీపాలు వదులుతారు. అదే చీకటి, అదే రేవు, అదే గట్టు. ఇంటికోసం, పశువుకోసం, మొగుడి ఆయుష్షుకోసం వెళ్లే ఆడదానికి ఆ చీకట్లో దోషం లేదు. చేతిలో చెంబో దీపమో ఉంటే సరే, కాళ్లకు బూట్లుంటేనే "ఎక్కడికి?" అని అడుగుతారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఊరి పొలిమేరల్లో సారా బళ్లను అడ్డుకున్నది ఆడవాళ్లే. ఊరికి అవసరమైనప్పుడు ఆడదాని ధైర్యం పనికొచ్చింది. ఆ ధైర్యం ఆమె సొంతానికి వాడుకుంటానంటేనే పేచీ.

ఈ పేచీ ఎంత లోతుగా ఉందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బజారుకు, ఆసుపత్రికి, ఊరి బయటికి ఒంటరిగా వెళ్లనిస్తారా అని ఆడవాళ్లను అడిగారు. మూడు చోట్లకూ వెళ్లనిస్తారని చెప్పినవాళ్లు దేశంలో 42 శాతమే. 'వెళ్తారా' అని కాదు, 'వెళ్లనిస్తారా' అని అడగవలసి వచ్చిందంటేనే మన స్థితి ఏమిటో తెలుస్తోంది.

రాజ్యాంగం మాత్రం ఈ విషయంలో ఏ సందేహమూ పెట్టలేదు. 19వ అధికరణ దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును పౌరులందరికీ ఇచ్చింది. 15వ అధికరణ రెండవ భాగం ఇంకా వివరంగా చెప్పింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే, లేదా ప్రజల వాడకానికి వదిలిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం కూడే చోట్ల వాడకంలో మతాన్నిబట్టి, కులాన్నిబట్టి, పుట్టిన చోటునుబట్టి, ఆడా మగా తేడానుబట్టి ఎవరికీ ఆంక్ష పెట్టకూడదంది. దళితుల్ని బావి దగ్గరకు రానివ్వని దేశంలో రాసుకున్న వాక్యమది. అందులో 'స్నానఘట్టాలు', 'రోడ్లు' అన్న మాటలు చూడండి. మన గోదావరి రేవూ అందులో ఉంది, గట్టు మీది బాటా ఉంది. ఆడవాళ్లు రాకూడదని అక్కడ బోర్డు పెట్టి ఉండదు నిజమే. కాని వెలుతురు లేకపోవడం, ఖాళీ సారా సీసాలు, ఇసుక లారీలు, వెంటపడే మోటారు సైకిళ్లు కలిస్తే బోర్డు అవసరమేముంది?

"మన ఆడవాళ్లకు అలవాటు లేదండీ, మన సంస్కృతి కాదు" అంటారు. ఇదే రాష్ట్రంలో విశాఖపట్నం బీచ్ రోడ్డు చూసి రండి. రామకృష్ణా బీచి దగ్గర పొద్దున్నే కొన్ని గంటలు వాహనాలను ఆపేస్తారు. దాంతో ఆ రోడ్డు మనుషులదవుతుంది. చీర కట్టుకుని వేగంగా నడిచే పెద్దవాళ్లు, చుడీదార్ల మీద పరుగెత్తే కాలేజీ పిల్లలు, మారథాన్‌కు తయారయ్యే ఉద్యోగినులు అంతా కనిపిస్తారు. విశాఖ ఆడవాళ్లది వేరే సంస్కృతా? కాదు. అక్కడ రోడ్డు ఆపాలని ఎవరో ఒక అధికారి ఉత్తర్వు ఇచ్చాడు. దీపాలు పెట్టారు. జనం వచ్చారు, జనం ఉన్నారని మరింత జనం వచ్చారు. సంస్కృతి అని మనం అనుకుంటున్నదానిలో సగం వీధి దీపాల లెక్కే.

అలాగని విశాఖను ఆకాశానికెత్తనక్కరలేదు. పరుగెత్తేవాళ్ల పక్కనుంచే చేపల గంప నెత్తిన పెట్టుకున్న జాలరి స్త్రీ వెళ్తుంది. అపార్ట్‌మెంట్లలో పాచి పనికి పోయే స్త్రీ కూడా వెళ్తుంది. ఆమెకు అది వ్యాయామం కాదు, డ్యూటీ. ఇక్కడే కొందరు కార్యకర్తలు, "పరుగు మధ్యతరగతి ముచ్చట, రోజంతా నాట్లు వేసే కూలి తల్లికి దాంతో ఏం పని?" అంటారు. ఈ ప్రశ్న తోసిపుచ్చదగింది కాదు. నడుం వంచి పనిచేసిన ఒంటికి కావలసింది ముందు తిండి, విశ్రాంతి. 2019-21 సర్వే ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. వాళ్లకు పరుగు గురించి ఉపన్యాసాలు చెప్పడం అన్యాయం.

కాని ఆ కూలి తల్లి కూతురి సంగతేమిటి? ఆమె పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతుంది. ఆ పరీక్షలో ఆడపిల్లలు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. డబ్బున్న పిల్ల కోచింగ్ సెంటరు గ్రౌండుకు పోతుంది. లేని పిల్లకు గట్టే గ్రౌండు. పరుగెత్తితేనే ఉద్యోగమని ఒక శాఖ అంటుంటే, పరుగెత్తే చోట దీపం పెట్టాల్సిన శాఖ నిద్రపోతోంది. పరుగెవరికి ముచ్చటో, ఎవరికి బతుకుతెరువో ఇప్పుడు చెప్పండి. పారిస్ ఒలింపిక్స్‌లో 2024లో దేశం తరఫున పరుగెత్తినవాళ్లలో మనకు దగ్గరలోని తణుకు నుంచి దండి జ్యోతికశ్రీ ఉంది, విశాఖ నుంచి సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి ఉంది. పతకాల ఆశ ఉన్న రోజున అందరూ దండలు తెస్తారు. ఆ పిల్లలు మొదటిసారి పరుగెత్తిన రోజున దారి ఇవ్వాలని ఎవరికీ తోచదు.

ఆడవాళ్లను పరుగునుంచి దూరంగా ఉంచడం మన ఒక్కరి గొడవ కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తి కొందరు అలసిపోయారన్న సాకుతో ఆ పందాన్ని 1960 దాకా ఆడవాళ్లకు లేకుండా చేశారు. 1967లో బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తుతున్న క్యాథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుడే రోడ్డు మీద పట్టుకుని లాగబోయాడు. ఆడవాళ్ల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లోనే. ప్రతిచోటా చెప్పిన కారణం ఒక్కటే, ఆమె మంచికేనని.

ఇప్పుడు భద్రత మాట. సుప్రీంకోర్టు 2012 నవంబరు 30న ఇచ్చిన తీర్పులో బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, పార్కులు, సముద్ర తీరాల వంటి చోట్ల మామూలు దుస్తుల్లో మహిళా పోలీసులను పెట్టాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. వెంటపడటం నేరమని 2013లో చట్టం వచ్చింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. మన రాష్ట్రంలో 2020లో దిశ యాప్ అన్నారు, 2025లో శక్తి యాప్ అన్నారు. ఫోను ఊపితే పోలీసు వస్తాడట. ఫోను ఊపే అవసరం రాకుండా గట్టు మీద నాలుగు దీపాలు వేయడం మాత్రం ఎవరికీ చేతకాలేదు. వెంటపడేవాణ్ణి వదిలి పరుగెత్తేదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం భద్రత కాదు, బాధితురాలికే శిక్ష.

2027లో గోదావరి పుష్కరాలు. పుష్కరాలనగానే రేవులకు మెట్లు, దీపాలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు అన్నీ వస్తాయి. అంటే డబ్బు ఉంది, చేయడం వచ్చు. 12 రోజుల యాత్రికులకు చేసేది 12 ఏళ్లూ ఈ ఊరి ఆడవాళ్లకు ఎందుకు ఉండకూడదు? అందుకే కొవ్వూరు మున్సిపాలిటీని, జలవనరుల శాఖను, పోలీసులను మనం అడగాల్సినవి ఇవి:

1. గోష్పాద క్షేత్రం నుంచి గట్టు పొడుగునా దీపాలు తెల్లవారుజామున 4 గంటలనుంచే వెలగాలి.

2. ఉదయం 5 నుంచి 7 దాకా గట్టు మీదకు లారీలు, మోటారు సైకిళ్లు రాకూడదు.

3. పుష్కరాలకు కట్టే మరుగుదొడ్లు పుష్కరాలయ్యాక తాళం పడకుండా, నీళ్లతో ఏడాది పొడుగునా తెరిచి ఉండాలి.

4. గట్టు మీద తాగుడు ఆపించాలి. గస్తీలో మహిళా కానిస్టేబుళ్లు ఉండాలి. వాళ్లు పరుగెత్తే పిల్లను "ఇంటికి పో" అనడానికి కాదు, వెంటపడేవాణ్ణి పట్టుకోవడానికి ఉండాలి.

5. వీటిని తేల్చే సమావేశాల్లో డ్వాక్రా సంఘాల స్త్రీలు, ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్న ఆడపిల్లలు కూర్చోవాలి.

అర్జీ పెట్టి ఊరుకుంటే పని జరగదని మనకు అనుభవమే. సంఘాలుగా పదిమంది, ఇరవైమంది కలిసి గట్టెక్కాలి. నడిచేవాళ్లు నడవాలి, పరుగెత్తేవాళ్లు పరుగెత్తాలి, రెండూ చేతకానివాళ్లు కూర్చుని ఏటిగాలి పీల్చుకోవాలి. గుంపుగా వెళ్లడం ఇవాళ్టి అవసరమే తప్ప మనం కోరేది అంతటితో ఆగదు. ఒక్క ఆడపిల్ల ఒక్కతే గట్టు పొడుగునా పరుగెత్తి వస్తే, ఎక్కడికెళ్లావని ఎవరూ అడగని రోజు మనకు కావాలి.