వాడ దాకా వచ్చిన హద్దు రాళ్ళు

మన తాతలను ఊరికి అవతల పెట్టారు. అవతల అంటే వంక గడ్డన, రాళ్ళ దిబ్బ మీద. మన గాలి ఊరి మీదికి పోకూడదన్న లెక్క చూసుకుని మరీ పెట్టారు. భూమి ఇవ్వాల్సి వచ్చినప్పుడూ అదే లెక్క. చెరువు కింది మడి వాళ్ళది. గుట్ట కింది బీడు మనకు డీకేటీ పట్టా. ఆ బీట్లో రాళ్ళేరి, ముళ్ళు కొట్టి, వాన పడితే శెనక్కాయ, పడకపోతే వలస అని మూడు తరాలు బతికాం.

ఇప్పుడు కాలం తిరగబడింది. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నెంబరు రోడ్డు వెడల్పయింది. 2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం వచ్చింది. 2017లో పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరింది. 2019లో అక్కడి నుంచి కార్లు బయటికొచ్చాయి. ఎవరికీ పనికిరాదని మనకు విసిరేసిన బీడు ఇప్పుడు 'రోడ్ సైడ్ ప్రాపర్టీ' అయి కూర్చుంది. అనంతపురం చుట్టూ, హిందూపురం చుట్టూ, పెనుకొండ దారిలో ఎక్కడ చూసినా రంగు పూసిన హద్దు రాళ్ళు, కమాను, జెండాలు, వెంచర్ బోర్డులు. ఆ రాళ్ళు పాతుకుంటూ పాతుకుంటూ మన వాడ దాకా వచ్చేశాయి.

ఊళ్ళు పెరగొద్దని మేం అనడం లేదు. ఇల్లు కావాల్సింది అందరికంటే ముందు మనకే. మేం అడిగేది ఒకటే. పెరిగే ఊరిలో మన చోటు ఎంత? దాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు?

లెక్క చూద్దాం. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ళ స్థలాల పథకంలో పల్లెల్లో పేదకు ఇచ్చింది సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటున్నర అంటే 72 గజాల పైచిలుకు. ఎకరాకు నూరు సెంట్లు. దారులకూ ఖాళీ జాగాకూ నలభై సెంట్లు తీసేస్తే మిగిలేది అరవై. సెంటున్నర చొప్పున కోస్తే ఎకరాలో నలభై ఇళ్ళు. పక్కనే వెంచర్లో ఐదు సెంట్ల ప్లాట్లు వేస్తే అదే ఎకరాలో పన్నెండు ఇళ్ళు. మనవాళ్ళు నలభై కుటుంబాలు కాపురం చేసే జాగాలో అక్కడ పన్నెండు కుటుంబాలు ఉంటాయి. సెంటున్నరలో గొడ్డును యాడ కట్టేయాల? కట్టెల మోపు యాడ దించాల? కొడుక్కు పెండ్లయితే కోడలు యాడ పండుకోవాల? ఈ ప్రశ్నలు ప్లాను గీసేవాడికి తట్టవు. తర్వాత వచ్చిన ప్రభుత్వం పల్లెలో మూడు సెంట్లు, పట్టణంలో రెండు సెంట్లు అని 2024 ఎన్నికల్లో మాటిచ్చింది. మూడు సెంట్లంటే ఎకరాకు ఇరవై ఇళ్ళు. మేలే. కానీ ఆ ఎకరాలు ఏవీ? వాడ చుట్టూ ఉన్న భూమంతా ప్లాట్లయిపోయాక మూడు సెంట్లు ఏ గుట్ట మీద చూపిస్తారు? మళ్ళీ ఊరికి అవతలేనా?

ఇక మన డీకేటీ భూముల సంగతి. అసైన్డు భూమిని కొనడం, అమ్మడం చెల్లదని 1977 చట్టం చెప్పింది. చేయి మారిన భూమిని వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకు అప్పగించమని కూడా చెప్పింది. నలభై ఏండ్లలో ఎంతమందికి అప్పగించారో మీ ఊళ్ళో మీరే లెక్క పెట్టుకోండి. కరువొచ్చిన ఏడు, పిల్ల పెండ్లి చేసిన ఏడు, ఆసుపత్రి పాలైన ఏడు తెల్ల కాయితం మీద వేలిముద్ర వేయించుకుని భూమి పట్టుకుపోయినవాళ్ళు ఎవరో కూడా మీకు తెలుసు.

2023లో ఆ చట్టాన్ని మార్చారు. ఇచ్చి ఇరవై ఏండ్లు దాటిన సాగు భూమి మీద అసలు పట్టాదారుకు, వారసులకు పూర్తి హక్కు, అంటే అమ్ముకునే హక్కు కూడా, వస్తుందన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. మనవాళ్ళలో కొందరు గట్టిగా అడుగుతున్నారు: 'రెడ్డి భూమి రెడ్డి అమ్ముకుంటాడు, చౌదరి భూమి చౌదరి అమ్ముకుంటాడు. మా భూమి మేం అమ్ముకుంటే మీకేం నొప్పి?' ఈ ప్రశ్న న్యాయమైందే. మన ఆస్తి మాత్రమే సంకెళ్ళతో ఎందుకుండాలి? కానీ అన్నలారా, అమ్ముకునే హక్కు వేరు, అమ్ముకోక తప్పని గతి వేరు. ముందే అగ్రిమెంటు రాయించుకుని, అడ్వాన్సు పేరుతో నాలుగు వేలు చేతిలో పెట్టి, హక్కు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చున్నవాడు ఉన్నప్పుడు ఆ హక్కు ఎవరికొచ్చినట్టు? పట్టా మన పేర ఉంటుంది, లాభం వాడి జేబులో ఉంటుంది. భూమి మన చేతిలో, కాయితం మన పెట్టెలో, ధర మన నోట ఉన్ననాడే అది హక్కు. అప్పటిదాకా అది బ్రోకరు సంబరం.

అభివృద్ధి అనగానే నమ్మి నోరు మూసుకోకూడదని ఈ నేలే నేర్పింది. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 2009 ప్రాంతంలో 8,844 ఎకరాలు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ఉద్యోగాలన్నారు. నాలెడ్జూ రాలేదు, హబ్బూ రాలేదు. భూమి బ్యాంకుల్లో తాకట్టుకు పోయింది, వ్యవహారం కోర్టులకు ఎక్కింది. సేద్యం పోయినవాడు బెంగుళూరులో ఇసక మోశాడు.

నీళ్ళ సంగతి మరవొద్దు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని జిల్లా ఇది. వెంచర్ వేసినవాడు ముందు వంక పూడ్చి చదును చేస్తాడు, తర్వాత లోతుగా బోరు వేస్తాడు. వంక పూడితే చెరువుకు నీళ్ళు రావు. వాడి బోరు దిగితే వాడ బోరు ఎండుతుంది. బోర్లకు అనుమతి, నీళ్ళకు కట్టడి ఉండాలని 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. దాన్ని మన ఊళ్ళో ఎవరైనా చూశారా?

అంబేద్కర్ ఈ రోగాన్ని ఎప్పుడో పట్టుకున్నాడు. 1942లో నాగపూర్‌లో జరిగిన షెడ్యూల్డు కులాల మహాసభ మనవాళ్ళకు వేరే గ్రామాలు కావాలని తీర్మానించింది. 1947లో ఆయన రాజ్యాంగ సభ కోసం రాసిన పత్రంలో సాగులో లేని ప్రభుత్వ భూములను ఒక కమిషను చేతిలో పెట్టి, వాటిలో మన జనాన్ని స్థిరపరచాలని అడిగాడు. జాగా ఎక్కడుందన్నదే మనిషి విలువను తేల్చే దేశమిదని ఆయనకు తెలుసు. ఈనాడు మాస్టర్ ప్లాన్ అంటున్నారు. అనంతపురం-హిందూపురం అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ అంటున్నారు. పటం మీద పసుపు రంగు పూస్తే ఇండ్ల జోను, పచ్చ పూస్తే సాగు జోను. ఆ పటంలో మన వాడ ఏ రంగులో ఉంది? రేపు పుట్టబోయే పిల్లలకు వాడ పెరిగే జాగా ఏ రంగులో ఉంది?

అందుకే ప్రతి సంఘమూ ఈ పనులు చేయాలి.

ఒకటి: ఖాళీ కాయితం మీద, అగ్రిమెంటు మీద, జీపీఏ మీద ఎవరూ వేలిముద్ర వేయొద్దు. డీకేటీ పట్టాలన్నీ తీసి, అడంగల్‌లో, 22-ఏ జాబితాలో ఎవరి పేరుందో సర్వే నెంబరు వారీగా రాసుకోండి.

రెండు: లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ జాగా పంచాయతీకి రాసివ్వాలి. పదెకరాల వెంచరైతే ఎకరా. పంచాయతీ అంటే ఊరొక్కటే కాదు, వాడ కూడా. ఆ జాగా రాసిచ్చారా లేదా, దాన్ని మళ్ళీ ప్లాట్లు చేసి అమ్మారా అని గ్రామసభలో నిలబడి అడగండి.

మూడు: శ్మశానం దారి, వంక దారి, బావి దారి ఎవడు మూసినా ఊరుకోవద్దు. మన భూమిని అక్రమంగా పట్టినా, వాడుక దారిని, శ్మశానాన్ని అడ్డుకున్నా అది అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2015 సవరణలో ఈ మాట మరింత స్పష్టంగా చేర్చారు.

నాలుగు: ప్రభుత్వమే ప్రజావసరానికని అసైన్డు భూమి తీసుకుంటే, పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఎక్స్‌గ్రేషియా అని చిల్లర విదిలిస్తే చేయి చాపొద్దు.

ఐదు: ప్లాను ముసాయిదా వచ్చినప్పుడు వాడ పక్క భూమిని వాడ విస్తరణకు కేటాయించమని రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. రసీదు తీసుకోండి.

అవతల ఉండమన్నప్పుడు ఉన్నాం. ఆ అవతలనే మన చెమటతో జాగాగా మార్చుకున్నాం. ఇప్పుడు అది బాగుందని ఇంకా అవతలికి జరగమంటే జరిగేది లేదు. ఈ సారి రాళ్ళు జరగాలి.