పోలీసు నోట్సే పుస్తకమైంది, ఆ పుస్తకమే మన నోట్లో మాటైంది

రొయ్యల చెరువు మీద మోటారు పోయినా, దింపిన కొబ్బరికాయల రాశి తగ్గినా మన కోనసీమలో ముందు ఎటేపు చూస్తారో మీకు తెల్సు తమ్ముళ్లూ. బుట్టలల్లుకుని, పందుల్ని పెంచుకునే ఎరుకలోళ్ళ గుడిసెల వైపు. "ఆళ్ళ రక్తంలోనే ఉందిరా" అంటారు. ఈ రక్తం మాట ఎవడు పుట్టించేడో చూద్దాం రండి.

1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని 'నేరస్త' జాతుల మీద పుస్తకం వేశాడు. తర్వాత మద్రాసు మ్యూజియం పెద్ద ఎడ్గార్ థర్‌స్టన్ వచ్చాడు. మనుషుల ముక్కులూ తలకాయలూ కొలిచి జాతి తేల్చే రకం. 1909లో దక్షిణాది కులాలూ తెగల మీద ఏడు సంపుటాలేశాడు, రంగాచారిగారు సాయం పట్టేరు. అందులో కొరవలు, ఎరుకల గురించి రాసిందాంట్లో చాలామట్టుకు ముల్లాలీ లాంటి పోలీసోళ్ళ నోట్సే. మరి జమీందార్ల గురించి వాళ్ళ పాలేర్లనడిగి రాసుంటే ఏ సంపుటం తయారయ్యేదో!

అసలు ఎరుకలోళ్ళు ఎద్దుల మీదా గాడిదల మీదా ఉప్పు, ధాన్యం ఊరూరా మోసిన వర్తకులండీ. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, రైలొచ్చింది, ఆళ్ళ బతుకు పోయింది. తిరిగే మనిషి సర్కారు కంటికి దొంగయ్యాడు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసుకీ వచ్చింది. పుట్టగానే నేరస్తుడన్నమాట. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలాగే పుట్టింది. సాల్వేషన్ ఆర్మీ వోళ్ళు నడిపేరు, అక్కడి జనం చీరాల పొగాకు కంపెనీలో కూలీలయ్యేరు.

1952 ఆగస్టు 31న దేశమంతా ఆ చట్టం పోయింది. దాని స్థానంలో 'అలవాటు నేరస్తుల' చట్టాలొచ్చేయి. స్టువర్టుపురం పేరు చెప్పి సినిమాలోళ్ళు ఇప్పటికీ టిక్కెట్లమ్ముకుంటన్నారు. మనం ఈలలేస్తన్నాం.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో జైళ్ళలో కులం చూసి పని పంచే రూల్సు కొట్టేసింది. విముక్త జాతులోళ్ళని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యకూడదని పోలీసులకీ చెప్పింది. ఆ తీర్పు ఫోన్లో దాచుకోండి. ఈసారి మోటారు పోయి, జీపు గుడిసెల కాడ ఆగితే, ఎవరి పేరు మీద ఏ ఆధారముందని ఎస్సైగారిని మర్యాదగానే అడగండి.