నడక వచ్చింది సరే, చేతి మాటేమిటి?

పక్షవాతం వచ్చిన మనిషి కర్ర సాయంతో నాలుగడుగులు వేయగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. "నడుస్తున్నారు, అంతే చాలు" అంటారు. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టును ఆ వారమే మాన్పిస్తారు. ఛాతీకి ఆనుకొని ముడుచుకుపోయిన చేతి సంగతి ఇక ఎవరూ ఎత్తరు. ఇది రోగికి జరుగుతున్న అన్యాయమని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే, మెదడు లోపలి దారుల గురించి కొంత చెప్పుకోవాలి.

మెదడు అనగానే మనకు స్ఫురించేది పైనున్న బూడిదరంగు పొర. దాని కింద, మెదడులో దాదాపు సగభాగం ఆక్రమించి ఉన్నది తెల్ల పదార్థం. అది నాడీకణాల నుంచి వెలువడిన పొడవైన తంతువుల సముదాయం. వాటిలో అనేక తంతువులకు మయెలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తెలుపు దానిదే. తొడుగు లేని సన్నని తంతువులో సంకేతం సెకనుకు సుమారు ఒక మీటరు పోతే, మందమైన తొడుగున్న తంతువులో పదుల మీటర్లు పరుగెడుతుంది.

చేతిని నడిపే ప్రధాన మార్గం పేరు కార్టికోస్పైనల్ ట్రాక్ట్. ఒక్కొక్క వైపు సుమారు 10 లక్షల తంతువులు. అవి మెదడు పైపొరలో విశాలంగా బయలుదేరి, ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు సందులో ఒక్కచోట చేరి, మెదడు కాండం దిగువన చాలావరకు అవతలి పక్కకు దాటి వెన్నుపాములోకి దిగుతాయి. ఎడమ మెదడు దెబ్బతింటే కుడిచేయి పడిపోవడానికి కారణం ఈ దాటడమే. ఆ ఇరుకు సందుకు రక్తం తెచ్చే ధమనులు మిక్కిలి సన్ననివి. ఏళ్ల తరబడి పట్టించుకోని రక్తపోటు మొదట పాడుచేసేవాటిలో అవీ ఉంటాయి. అక్కడ బఠాణీ గింజంత భాగం చచ్చుబడినా ఒక పక్కంతా పడిపోగలదు. బీపీ మాత్రను "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని మానేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మరి కాలు తొందరగా కోలుకొని, చేయి ఎందుకు వెనుకబడుతుంది? 1968లో లారెన్స్, కైపర్స్ అనే శాస్త్రజ్ఞులు కోతులలో ఈ మార్గాన్ని రెండు పక్కలా తెగ్గోసి చూశారు. తలచుకుంటే జాలి కలిగే ప్రయోగమే. ఆ కోతులు కొన్నాళ్లకు నడిచాయి, ఎక్కాయి. కానీ చిన్న గుంటలోని తిండిని వేళ్లతో తీసుకోలేకపోయాయి. నిలబడడానికి, నడవడానికి మెదడు కాండం నుంచి దిగే ఇతర మార్గాలు ఆసరా ఇస్తాయి. ఒక్కొక్క వేలిని విడిగా కదిలించే పనికి మాత్రం ఈ దారే ప్రధాన దిక్కు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ముగ్గుపిండి సన్నని ధారగా జారవిడవడం ఎంత సున్నితమైన పనో ఆలోచించండి. చొక్కా బొత్తాము పెట్టుకోవడమూ అంతే.

మన ఇళ్లలో మరో చిక్కు ఉంది. ఎడమచేత్తో తినడం మనకు నామోషీ. కుడిచేయి పడిపోయిన పెద్దాయనకు భార్యో కోడలో ముద్దలు కలిపి నోటికి అందిస్తారు. అది ప్రేమే, సందేహం లేదు. కానీ కాస్తో కూస్తో కదలగల చేయి కూడా, పని లేకపోతే, పనిచేయడం మరచిపోతుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి గమనించి, బాగున్న చేతికి తొడుగు వేసి బలహీనమైన చేతితోనే పనులు చేయించే చికిత్సను రూపొందించాడు. 222 మంది రోగులపై జరిగి 2006లో వెలువడిన అమెరికా పరిశోధనలో, పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైనవారికి రెండు వారాల ఈ శిక్షణ మేలు చేసింది. మణికట్టు, వేళ్లు కొంతైనా పైకి లేచేవారికే ఇది పనికివస్తుంది. బొత్తిగా కదలని చేతికి కాదు.

2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, బంతులు ఎగరేసి పట్టడం ఆరు వారాలు నేర్చుకున్న ఆరోగ్యవంతుల తెల్ల పదార్థంలో మార్పు చూశారు. తెగిన దారి మళ్లీ మొలుస్తుందని దీని అర్థం కాదు. అలా చెప్పి డబ్బు గుంజేవారిని నమ్మకండి. పావురం రక్తం పూయించడానికి ఊళ్లు తిరిగేవారిని నేటికీ చూస్తున్నాం. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే. అది ఆ తిరుగుడులోనే కరిగిపోతుంది.

సహజంగా వచ్చే కోలుకోలులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లో కనిపిస్తుంది. ఆ తరువాత తలుపు మూసుకుపోదు. కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున నడక గురించి అడిగినట్లే చేతి గురించీ అడగండి: ఏ వేళ్లు కదులుతున్నాయి, రోజుకు ఎంతసేపు, ఏ పనులు చేయించాలి అని. పడుకున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉంచండి. లేవదీసేటప్పుడు ఆ చేయి పట్టి మాత్రం లాగకండి. పట్టు తప్పిన కండరాల వల్ల భుజం కీలు సులువుగా జారుతుంది, ఆ నొప్పితో రోగి వ్యాయామమే వద్దంటాడు.