ఏ వైపున కూర్చుండబెట్టుదము?



మన పల్లె సంఘములలో ఆరాధనకు వచ్చినవారు చాపలమీద రెండు వైపులుగా కూర్చుంటారు. పురుషులు ఒక వైపు, స్త్రీలు మరియొక వైపు. ఇది మనకు ఎంత అలవాటంటే, దానినిగూర్చి ఎవరూ ఆలోచించరు. అయితే మగపిల్లవాడుగా పెరిగి, ఇప్పుడు చీర కట్టుకొని స్త్రీగా జీవించుచున్న ఒకరు ఒక ఆదివారమున మన మందిరపు గుమ్మము దగ్గర చెప్పులు విడిచినారనుకొనండి. ఆ మనిషి ఏ వైపునకు వెళ్లవలెను? పురుషుల వైపు కూర్చుంటే నవ్వులు, స్త్రీల వైపు కూర్చుంటే గుసగుసలు. పొమ్మని ఎవరూ అనకపోవచ్చును. రమ్మని కూడా ఎవరూ అనకపోతే ఆ మనిషి గుమ్మములోనుండే వెనుకకు వెళ్లిపోవును.

వీరు ఎక్కడినుండియో వచ్చినవారు కారు. 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుషుడు అని కాక 'ఇతరులు' అని నమోదైనవారు దేశములో సుమారు 4 లక్షల 88 వేలమంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 43 వేలకు పైగా ఉన్నారు. వీరందరు ఏదో ఒక తల్లి కన్నబిడ్డలే. హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లు అని మనము పిలిచే వీరిని చట్టము గుర్తించవలెనని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పురుషుడు పురుషునితో, స్త్రీ స్త్రీతో ఇష్టపూర్వకముగా కలిసియుండుట నేరము కాదని 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు చెప్పినది. అయితే పక్కన చోటిచ్చి కూర్చుండబెట్టుట కోర్టు చేయగల పని కాదు. అది సంఘము చేయవలసిన పని.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము చదవండి. ఐతియొపీయుల రాణి క్రింద ధనాగారము చూచుకొను నపుంసకుడు యెరూషలేములో ఆరాధించి, రథములో తిరిగి వెళ్లుచున్నాడు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము ప్రకారము అట్టివానికి దేవుని సమాజములో చోటు లేదు. అయినను అతడు అంత దూరము ప్రయాణము చేసి వచ్చెను. అతని చేతిలో యెషయా గ్రంథమున్నది. అదే గ్రంథములో 56వ అధ్యాయమునకు వస్తే, దేవుడు నపుంసకులకు తన యింటిలో చోటును, కొడుకులు కూతుళ్లు ఉన్నదానికంటె శ్రేష్ఠమైన పేరును వాగ్దానము చేయుచున్నాడు. ఫిలిప్పు దూరమునుండి ఉపన్యాసము చెప్పలేదు. రథమెక్కి అతని ప్రక్కన కూర్చుండెను. నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి అని అతడు అడుగగా, ఇద్దరును నీళ్లలోనికి దిగిరి.

"అట్టివారిని చేర్చుకొంటే గౌరవముగల కుటుంబములు సంఘము విడిచిపోవును" అని కొందరు పెద్దలంటారు. ఈ మాట మన సంఘ చరిత్రకు క్రొత్త కాదు. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారితో అక్కడి అగ్రకులస్థులు, మాదిగలను చేర్చుకొంటే తాము రామని చెప్పిరి. ఆయన, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికి ఒకే భాగము కనబడెనని ఆ సంఘ చరిత్ర చెప్పుచున్నది. అది మొదటి కొరింథీయుల మొదటి అధ్యాయములో, లోకము లెక్కచేయనివారిని దేవుడు ఏర్పరచుకొనుటనుగూర్చిన భాగము. ఆయన మాదిగలను త్రోసివేయలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినములలో తలుపు మూసియుంటే మనలో అనేకుల తాతముత్తాతలు ఎక్కడ నిలిచియుందురు?

తలిదండ్రులకు ఒక మాట. మీ కుమారుడు తనకు స్త్రీలయందు ఆసక్తి లేదని కన్నీళ్లతో చెప్పినప్పుడు, "పెండ్లి చేస్తే కుదురుకుంటాడు" అని తొందరపడకండి. అట్లు చేస్తే మీ బిడ్డతోపాటు ఏ పాపము ఎరుగని మరియొక ఇంటి ఆడబిడ్డ బ్రదుకు కూడా చీకటియగును. కుమార్తె అట్లు చెప్పినను ఇదే మాట. మందులతోను, బెదిరింపులతోను మార్చెదమని చెప్పువారిని నమ్మకండి. అట్టి చికిత్స చేయుట వైద్యునికి తగని ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తెలియజేసినది. బిడ్డను ఇంటనుండి వెళ్లగొడితే రైలు పెట్టెలలో చెయ్యి చాపుటయో, అంతకంటె ఘోరమైన బ్రదుకో ఎదురుచూచుచుండును.

లేఖనములను ఎట్లు అర్థము చేసికొనవలెనను విషయములో సంఘములమధ్య భేదాభిప్రాయములున్నవి. ఒకే ఇంటిలోనే ఉండవచ్చును. ఆ చర్చ ముగియువరకు మనిషిని గుమ్మములో నిలువబెట్టుట న్యాయమా? ఈలోగా మనము చేయగలవి కలవు.

కాపరిగారు ముందుగా స్త్రీల సమాజముతోను, పెద్దలతోను మాట్లాడి, స్త్రీగా జీవించువారికి స్త్రీల వైపున చోటు ఉండునట్లు చూడవలెను. వచ్చినవారిని వారు చెప్పుకొన్న పేరుతోనే పిలువవలెను. హేళన మాటలు మన పిల్లల నోట రానియ్యకూడదు. పాట పాడగలవారిచేత పాడించండి, వంట తెలిసినవారిని క్రిస్మసు విందు వంటలో కలుపుకొనండి. జబ్బుపడితే చూచి రండి. చనిపోతే మన సమాధుల తోటలో, మన పాటలతోనే సాగనంపండి. ఆఖరి చోటు దొరకదను భయము వీరిలో అనేకులకున్నది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీ ఊరినుండి వెళ్లిపోయిన అట్టి బిడ్డను పేరుపెట్టి జ్ఞాపకము చేసికొనండి. ఫోను నంబరు తెలిసినయెడల "ఆదివారము గుడికి రా, నా ప్రక్కన కూర్చుందువు" అని చెప్పండి. ప్రభువు మిమ్మును దీవించును గాక.