గొంతు క్యాన్సర్: ‘ఇంకెన్నేళ్లు?’ అన్న లెక్క ఎలా వేస్తారు?

రేడియేషన్ 35 సిట్టింగులు అయ్యాయి. కీమో అయింది. డిశ్చార్జ్ రోజున ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ‘ఇక భయం లేనట్టేనా డాక్టర్ గారూ?’ జవాబుగా వినిపించే ‘ఐదేళ్లలో ఇంత శాతం’ అన్న అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

గొంతు క్యాన్సర్ అంటే ఒక్క జబ్బు కాదు. స్వరతంత్రుల మీద వస్తే గొంతు బొంగురుపోయి త్వరగా బయటపడుతుంది, నయమయ్యే అవకాశమూ ఎక్కువ. ఆహారనాళం మొదట్లో వస్తే మింగడం కష్టమయ్యేదాకా తెలియదు. టాన్సిల్స్‌లో, నాలుక వెనక భాగంలో వచ్చేది ఇంకో రకం. లెక్కలు తిరగబడింది ఈ రకంలోనే.

దానికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యేదీ ఇదే. 2010లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, వైరస్ వల్ల ఈ క్యాన్సర్ వచ్చినవారిలో మూడేళ్ల తర్వాత బతికున్నవారు 82 శాతం. వైరస్ లేనివారిలో 57 శాతమే. దానికి సిగరెట్ల లెక్క, కణితి సైజు, మెడలో గడ్డల స్థితి కలిపి రోగులను మూడు గుంపులు చేశారు. మూడేళ్ల అంకె మొదటి గుంపులో 93, రెండో దానిలో 71, మూడో దానిలో 46. తేడా ఎంతంటే, 2018 నుంచి స్టేజీలే మార్చేశారు. మెడలో ఒకవైపే గడ్డలున్న వైరస్ రోగుల్లో ఒకప్పుడు స్టేజ్ 4 అనిపించుకున్న చాలామంది ఇప్పుడు స్టేజ్ 1.

ఇంటర్నెట్‌లో దొరికే ఆశావహమైన అంకెలు ఎక్కువగా ఈ గుంపువే. మన దగ్గర పరిస్థితి వేరు. ఇక్కడ ప్రధాన కారణం ఇప్పటికీ బీడీ, చుట్ట, గుట్కా, మద్యం. పైగా ఆ అధ్యయనం లెక్కించింది సిగరెట్ ప్యాకెట్లను. మన బీడీ కట్టకు, గుట్కా పొట్లానికి అందులో గడే లేదు! కాబట్టి బయాప్సీ ముక్కపై ‘పీ16’ పరీక్ష చేశారా, ఫలితం ఏమిటని టాన్సిల్, నాలుక వెనక భాగం కేసుల్లో తప్పక అడగండి. వైరస్ ఉందో లేదో అంచనా వేసేది అదే.

మరో చిక్కు ఫాలోఅప్. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ సర్జరీ, రేడియేషన్, కీమో ఖర్చు భరిస్తాయి. కానీ ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జేకి చెకప్ కోసం పదేపదే రావాలంటే కూలి పోతుంది, చార్జీలవుతాయి. అలా రావడం మానేసినవారిలో కొందరు చనిపోయి ఉంటారు, ఆ కబురు ఆస్పత్రికి చేరదు. వారిని వదిలేసి లెక్కేస్తే శాతం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. రోగి ఇంటికి ఒక్క ఫోన్ చేయించే ఏర్పాటు ఉంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది. యాప్‌ల కంటే ముందు కావాల్సింది ఇది.

డిశ్చార్జ్ రోజు చెప్పిన అంకె అలాగే ఉండిపోదు కూడా. జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అవి దాటాక అవకాశాలు మెరుగవుతాయి. అందుకే మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూపించుకోమంటారు. కీమో, రేడియేషన్ కలిపి తీసుకున్నవారికి సుమారు 12 వారాలకు పెట్ స్కాన్ తీస్తే మెడలో జబ్బు మిగిలిందో లేదో తెలుస్తుంది. మెడకు రేడియేషన్ తీసుకుంటే ఆరు నెలలకో, ఏడాదికో థైరాయిడ్ పరీక్ష అవసరం. మెడలో కొత్త గడ్డ, తగ్గని చెవిపోటు, మింగడంలో మార్పు కనిపిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్లాలి.