జిమ్ గడప తొక్కకపోతే వ్యాయామం కాదా?

"ఇంట్లో ఫోన్ ముందు చేతులూపితే ఒళ్లు గట్టిపడుతుందా? డబ్బు కట్టి జిమ్‌లో చేరితేనే దారికొస్తుంది." పట్నం, పల్లె తేడా లేకుండా వినిపిస్తున్న ఈ మాట తప్పు. పైగా ఇది చాలామందిని, ముఖ్యంగా ఆడవాళ్లను, అసలు వ్యాయామానికే దూరం చేస్తోంది.

ముందు శరీరం సంగతి చూద్దాం. కండరానికి కావలసింది భారం. అది ఇనుప బిళ్లదా, సొంత ఒంటిదా అన్నది దానికి పట్టదు. తేలిక బరువుతోనైనా ఇక చేతకాదనేదాకా చేస్తే, పెద్ద బరువులు ఎత్తినవాళ్లతో దాదాపు సమానంగా కండ పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. మన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసి ఒళ్లు తేరినవాళ్లు ఏ ట్రెడ్‌మిల్ ఎక్కారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుండాలన్న పాత షరతునూ ఎత్తేసింది. కుక్కర్ మూడు కూతలు వేసేలోపు తీసిన బస్కీలూ లెక్కలోకే వస్తాయి.

డబ్బు కడితే ఆ బాధకైనా వెళ్తామని కొందరి వాదన. అమెరికాలో ఆర్థికవేత్తలు డెల్లావిన్యా, మాల్మెండియర్ 2006లో ప్రచురించిన పరిశోధన దీన్ని తేల్చేసింది. నెలవారీ చందా కట్టినవాళ్లు నెలకు సగటున వెళ్లింది 4 సార్ల పైచిలుకు. 10 డాలర్లకు ఒకసారి వెళ్లే పాస్ దొరుకుతున్నా, చందాదారులకు ఒక్కోసారికి పడింది 17 డాలర్ల పైనే.

తప్పుగా చేస్తే నడుం పట్టేస్తుందన్న భయం మాత్రం న్యాయమైనదే. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి. బాగా పెద్ద బరువులెత్తాలంటే జిమ్ కావాల్సిందే. మిగతావాళ్లు వీడియో ఆపి, వెనక్కి తిప్పి, అద్దంలో చూసుకుంటూ నేర్చుకోవచ్చు. ఇంటి కసరత్తులో అసలు లోపం వేరే ఉంది: ఏడాది పొడవునా అదే వీడియో, అవే 20 బస్కీలు. భారం పెరగనిదే బలం పెరగదు. మోకాళ్లు ఆనించి తీసే దండీల నుంచి పూర్తి దండీలకు, వట్టి చేతుల బస్కీల నుంచి ఐదు కిలోల బియ్యం సంచి పట్టుకుని తీసే బస్కీలకు ఎదగాలి. దానికి చందా అక్కర్లేదు, పట్టుదల చాలు.

అసలు నష్టం ఎవరికో చూడండి. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2022లో మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని మగవాళ్లు 42 శాతం, ఆడవాళ్లు 57 శాతం. పొద్దున టిఫిన్లు, క్యారేజీలు, సాయంత్రం పిల్లల చదువులు, మధ్యలో ఉద్యోగం. అలాంటి మనిషికి జిమ్ దూరం, ఫీజు, అక్కడి చూపులు మూడు అడ్డుగోడలు. వాటి జోలికి పోకుండా ఆమె హాల్లో చాప పరుచుకుంటే, ఇదీ ఒక ఎక్సర్‌సైజేనా అని నవ్వడం అన్యాయం. భార్యకో తల్లికో జిమ్‌లో చేరమని సలహా ఇచ్చే మగవాళ్లు ముందు చేయాల్సింది ఒకటుంది. రోజూ ఆమె కసరత్తు చేసే అరగంట పొయ్యి దగ్గర మీరు నిలబడండి.